నోటితో ఊపిరి పీల్చే పుంజు

మా అత్త పొదగేసిన కోడి పదకొండు గుడ్లకు పదకొండు పిల్లల్ని లేపింది. ఆ గుడ్లేవో తనే పెట్టినంత గొప్పగా అత్త వాడంతా తిరిగి చెప్పుకుంది. పదకొండోది పుట్టగానే నోరు తెరిచిందనీ, తెరిచిన నోరు మూయలేదనీ, దాని గొంతులోంచి మూత సరిగ్గా పడని కుక్కరు శబ్దం వస్తోందనీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల కోడికి కూడా నచ్చలేదు. మిగతా పదింటినీ రెక్కల కింద వేసుకుని దీన్ని మాత్రం పొడిచి పొడిచి పక్కకు నెట్టింది.

"తీసి గంప అవతల పెట్టు. పొద్దుగూకేలోపు పోతది," అంది అత్త, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. నేను ఏఎన్ఎంని. దమ్మపేట దాటి అడవి అంచున ఉన్న ఊళ్లకు ఇరవై ఏళ్లుగా నర్సమ్మని. ఈ మాట నేను చాలా గుమ్మాల్లో విన్నాను, అదీ కోడిపిల్లల గురించి కాదు. విన్నప్పుడల్లా ఆ ఇంటివాళ్లను నిలబెట్టి కడిగేసి, బిడ్డను ఎత్తుకుని ఆటో ఎక్కించాను. అలాంటి నా ఇంట్లో, నా పెరట్లో, ఎవరు ఎప్పుడు పోతారో మా అత్త టైము చెప్పేస్తుంటే ఎలా ఊరుకుంటాను? పిల్లను తీసి కొంగులో వేసుకున్నాను.

"ఏం జేస్తవే దాన్ని?"

"బతికిస్తా."

"నీ దగ్గర కోళ్లకు గూడ సూదులున్నయా?"

ఉంటే ముందు నీకే పొడిచేదాన్ని అత్తమ్మా అని నోటిదాకా వచ్చింది. నెలనెలా జీతం తెచ్చినా కోడలు కోడలే కాబట్టి మింగేశాను.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు వచ్చిన అట్టపెట్టెలో పాత నూలు చీర పరిచి, పైన బల్బు వేలాడదీసి దానికి వార్డు ఏర్పాటు చేశాను. చిన్నపిల్లలకు నిమోనియా ఉందో లేదో తెలియాలంటే చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. ఏ వయసుకు ఎంత దాటితే భయపడాలో నా దగ్గర చార్టు ఉంది. కోడిపిల్లకు చార్టు లేదు. చొక్కా కూడా లేదు. పొట్ట మీది నూగు ఎగిరెగిరి పడుతుంటే ముప్పై దాకా లెక్కపెట్టి తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. నాలుగు ఊపిరులు తీసి ఒకసారి తుమ్మేది, తుమ్మగానే తల అడ్డంగా టపటపా విదిలించేది. నా వైద్యం తనకు వద్దే వద్దని మొహం మీద చెప్పినట్టు ఉండేది.

నూకలు మింగలేకపోయింది. ఉడికించిన గుడ్డులో పచ్చసొన చిదిమి వేలి కొన మీద పెడితే తిన్నది. ఆ సంబరంలో నేనుంటే అత్త తొంగి చూసి, "తోడబుట్టినోన్ని ఉడకబెట్టి పెడుతున్నవ్. మంచి పున్నెం," అని పోయింది. భద్రాచలం బస్సు నడిపే మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, పెట్టె దగ్గర చెవి పెట్టి విని, "ఇంట్లో ఇద్దరి నోళ్లు చాలవా, ఈల ఊదేది మూడోది గూడ కావాల్నా?" అన్నాడు. ఆయన జీవితంలో చేసిన పెద్ద హాస్యం అదే. వారం రోజులపాటు డిపోలో దాన్నే చెప్పుకుని బతికాడు.

పొద్దుగూకింది. పిల్ల పోలేదు. మర్నాడూ పోలేదు. అత్తకు ఇది అవమానమైంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఎదురింటావిడ ఎండుమిరప పొగ వేయమంది. ఆ పొగకు మనుషులే చస్తారు, ఊపిరాడని పిల్ల ఏం బతుకుతుందో ఆమెకే తెలియాలి. చుట్ట కాల్చి పొగ దాని మొహం మీద ఊదమన్నాడు ఒక పెద్దమనిషి, కావాలంటే ఊదడానికి తానే వస్తానన్నాడు. ఖమ్మం నుంచి వచ్చిన మా ఆడపడుచు అయితే పెట్టెలోకి చూడగానే, "దీన్ని సాకుడెందుకు వదినా, నాల్గు నెలలాగితే పులుసుకు సరిపోద్ది," అంది. నాలుగు నెలలు సాకడాన్నే సాకడం అంటారని ఆమెకు తోచలేదు.

మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టి ఎవరికైనా తెలిస్తే చెప్పమన్నాను. ఇరవై ముగ్గురు బొటనవేలు చూపించారు. ఒకామె 'గెట్ వెల్ సూన్' అని పూలగుత్తి పంపింది. పైఅధికారి మాత్రం సూటిగా, సర్వే రిపోర్టు ఎక్కడ అని అడిగాడు. పిల్ల ఊపిరి గురించి ఆ గ్రూపులో అదే చివరి చర్చ.

లంచ్ బ్యాగులో పెట్టుకుని పశువుల దవాఖానాకు తీసుకెళ్లాను. అక్కడ గేదెలు, ఎద్దులు, వాటి వెనక మీసాలు మెలేసిన రైతులు వరసలో నిలబడి ఉన్నారు. నేను అన్నం క్యారియర్ మూత తీసినట్టు బ్యాగు జిప్పు తీసేసరికి వరసంతా మెడ సాచి చూసింది. డాక్టరు కుర్రవాడు, ఓపిక ఉన్నవాడు.

"ఎన్ని కోళ్లకుంది మేడం ఇట్ల?"

"ఒక్కదానికే."

"షెడ్డులో మొత్తం ఎన్ని?"

"షెడ్డు లేదు. ఇదే."

నా మొహంలోకీ పిల్ల మొహంలోకీ మార్చి మార్చి చూశాడు. అయినా నవ్వకుండా టార్చి వేసి నోట్లోకి, ముక్కులోకి చూశాడు. కొక్కెర తెగులు కాదన్నాడు, అదే అయితే పక్కన ఉన్న పదీ ఈపాటికి వాలిపోయేవట. దీనికి పుట్టుకతోనే ఒక ముక్కు రంధ్రం మూసుకుపోయింది, రెండోది సగమే తెరుచుకుంది, అందుకే నోటితో పీలుస్తోంది, ఆ ఇరుకుకే తుమ్ములూ తల విదిలింపులూ అన్నాడు. మందు లేదు. దుమ్ము, చలి తగలనీయకుండా, ముక్కు శుభ్రంగా ఉంచితే బతికినన్నాళ్లు బతుకుతుంది.

"బతికినన్నాళ్లు ఎవరైనా బతుకుతారు గదా సార్," అన్నాను.

"అందుకే చెప్తున్న మేడం," అన్నాడు. మీసాల వరస పకపకా నవ్వింది. అప్పుడు నవ్విన వాళ్లలో ఇద్దరికి ఆ నెలలోనే నేను టీటీ సూదులు వేశాను. కొంచెం నెమ్మదిగా వేశానని ఒప్పుకుంటాను.

ఇంట్లో వదిలితే అత్త పట్టించుకోదని పిల్లను రోజూ సబ్‌సెంటరుకు తీసుకెళ్లేదాన్ని. బల్ల మీద బీపీ మిషను, పక్కన కోడిపిల్ల. నేను దూదివత్తి తడిపి దాని ముక్కు తుడుస్తుంటే గర్భిణులు తమ వంతు మరిచిపోయి చూసేవాళ్లు. "నిరుడు మా పిల్లగాని ముక్కు గూడ గిట్లనే తుడిచినవ్ సిస్టర్," అంది ఒక తల్లి, చాలా గౌరవంగా. ఆమె కొడుకునూ కోడిపిల్లనూ ఒకే చేత్తో చూశానని మెచ్చుకుందో తిట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. చెట్ల మందులు వద్దు, మంత్రాలు వద్దు, మొక్కులు వద్దు, ముందు దవాఖానాకు రండి అని ఇరవై ఏళ్లుగా అరిచి అరిచి నా గొంతు బొంగురు పోయింది. అలాంటి నేను ఆ నెలలో ఒకరోజు, వాగవతల కోయగూడెంలో మందిచ్చే ముసలమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను. అదే ముసలమ్మను అంతకు ముందు నలుగురి ముందు దులిపేసి ఉన్నాను. ఆమె ఏమీ గుర్తు చేయలేదు. పిల్లను అరచేతిలో పెట్టుకుని ఊపిరి విని, ఏదో ఆకు నలిపి వాసన చూపించింది. పిల్ల పదిసార్లు తుమ్మి ఇద్దరి చీరలూ పాడు చేసింది. ఆ రోజంతా కాస్త తేలిగ్గా ఊపిరి తీసింది. ఆకు పనిచేసిందా, తుమ్ములు పనిచేశాయా చెప్పలేను. తర్వాతి వారం ముసలమ్మ తనంతట తాను వచ్చి బీపీ చూపించుకుంది. ఇరవై ఏళ్ల నా అరుపులకు రాని మనిషి ఒక కోడిపిల్లను చూపించగానే వచ్చింది.

తర్వాత ముసురు పట్టింది. భద్రాచలం దగ్గర గోదారి ఎక్కిందని, బస్సులు ఆపేశారని మా ఆయన అక్కడే చిక్కుకుపోయాడు. మా ఊళ్లో మూడు రోజులు కరెంటు లేదు. పెట్టెలో బల్బు లేదు. గోడలు చెమ్మెక్కాయి, చీరలు ఆరలేదు, మూడో రోజు మధ్యాహ్నం పిల్ల మెడ వాల్చేసింది. ముక్కు కొన నీలంగా మారింది. నోరు తెరుస్తోంది గానీ లోపలికి ఏమీ పోతున్నట్టు లేదు. పొయ్యి దగ్గర కూర్చుని రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టాను. ముక్కు తుడిచాను. ఇంకేం చేయాలో తెలియలేదు. నా చదువు, సర్వీసు, చార్టులు అన్నీ ఆ పొయ్యి ముందు అయిపోయాయి.

అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఆ మాట నాది కాదని ఇప్పటికీ నా మనసు వాదిస్తుంది గానీ గొంతు నాదే. "ముత్యాలమ్మ తల్లీ, దీని పానం నిలబెట్టు. నీకు కోడిని ఇచ్చుకుంటా."

మా వైపు ఎవరికి ఏ రోగం వచ్చినా అనే మాటే అది. జ్వరం తగ్గితే కోడి, కాన్పు తేలికైతే కోడి, ఇంటరు పాసైతే కోడి. ఆ మాట వినీ వినీ నాలుకకు అలవాటై ఉంది. కోడి కోసమే కోడిని మొక్కుతున్నానన్న ధ్యాస నాకు లేదు. పొయ్యికి అవతల కూర్చుని నిప్పు ఊదుతున్న మా అత్తకు మాత్రం ఉంది.

సాయంత్రానికి పిల్ల మెడ ఎత్తింది. నూకలు అడిగింది. నేను ఆనందంతో ఏడుస్తుంటే అత్త లోపలికి వెళ్లి, పసుపులో ముంచిన పీలిక తెచ్చి దాని కాలికి కట్టింది.

"ఇదేంది?"

"అమ్మోరి కోడి గద. గుర్తుండాలె."

"అమ్మోరికి వేరే కోడిని ఇద్దాం అత్తమ్మా. దీన్నే ఇస్తానన్లేదు నేను."

"చేతుల పట్టుకొని మొక్కినవ్. చేతుల ఏ కోడుంటే గదే అమ్మోరిది. నీకు తెల్వకపోతే నేనేం జెయ్యాలె?"

ఎదురింటావిడను పిలిచాను. ఆమె ముక్కున వేలేసుకుని అవునంది. చుట్ట పెద్దమనిషిని అడిగాను, ఆయనా అవునన్నాడు. ఊరంతటికీ తెలిసిన నియమం నా ఒక్కదానికే తెలియదు. బతికించమని అడిగి, బతికితే కోసుకోమని నా నోటితో నేనే రాసిచ్చాను. ఇంత తెలివైన ఒప్పందం మా వాడలో ఎవరూ చేసి ఉండరు. వచ్చే శ్రావణంలో బోనాల నాడు దాని మెడ మీద కత్తి పెట్టాలి. ఏడాది గడువు.

ఆ ఏడాదీ అది మహారాజులా బతికింది. పసుపు పీలిక ఉన్న కోడిని చుట్టాలకు కోయరు, అమ్మరు, దొంగ కూడా ఎత్తుకుపోడు. దాని తోబుట్టువులు పదీ నిండు ఆరోగ్యంతో ఒక్కొక్కటే పులుసులోకి పోయాయి. మా ఆడపడుచు వచ్చినప్పుడు రెండు, మా ఆయన తోటి డ్రైవర్లకు మూడు, పండగలకు నాలుగు, గద్దకు ఒకటి. రోగిష్టిది మాత్రం పెరట్లో ఈల ఊదుకుంటూ తిరిగింది. ఎర్రగా నిగనిగలాడే పుంజు అయింది. తెల్లవారి గోడెక్కి రెక్కలు టపటపలాడించి మెడ సాచి కూత మొదలుపెట్టేది. "కొక్కొ" వరకు బ్రహ్మాండంగా వచ్చేది. అక్కడ గాలి అయిపోయి, మిగతాది గురకగా దిగి, తుమ్ముతో ముగిసేది. ఆ తుమ్ముకు మా వాడ లేచేది. ఎదురింటావిడ దానికి 'ఆస్తమా దొర' అని పేరు పెట్టింది.

మా అత్త దానికి మంచి జొన్నలు వేసేది. ఎందుకని అడిగితే అమ్మోరి సొమ్ము ఎండిపోతే మనకు పాపం అనేది. చినుకు పడితే పరుగెత్తుకెళ్లి చంకలో వేసుకొచ్చేది. అమ్మోరి సొమ్ము తడవకూడదట. మధ్యాహ్నం గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే అది వచ్చి ఆమె కాలివేళ్ల దగ్గర ముడుచుకుని గురక పెట్టేది. అమ్మోరి సొమ్మును అదిలించకూడదని ఆమె కాలు తిమ్మిరెక్కేదాకా కదిపేది కాదు. నేను చూసి నవ్వితే, "నీ పని నువ్వు చూస్కో," అనేది.

నాకు మాత్రం నవ్వు తగ్గుతూ వచ్చింది. సబ్‌సెంటరు నుంచి వచ్చి గేటు తీయగానే అది ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, నా ముందు మెడ ఎత్తి ముక్కు చాపేది. తుడవమని. కడుపున పుట్టినవాళ్లు కూడా ముక్కు తుడుస్తానంటే పారిపోతారు. ఇది అడిగి తుడిపించుకునేది. ఉగాది దాటింది, ఎండలు పోయాయి, ఆషాఢం వచ్చింది. మొక్కులను నమ్మని దాన్ని కదా, ఇవ్వను అనేస్తే అయిపోతుంది. అత్తతో ఆ మాట అందామని రోజూ వెళ్లేదాన్ని. మరి మొక్కినప్పుడెందుకు మొక్కావని అడిగితే ఏం చెప్పాలో తెలియక, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగి వచ్చేసేదాన్ని.

బోనాల ఆదివారం రానే వచ్చింది. గుడి ముందు వేపమండలు, డప్పులు, తల మీద బోనాలతో ఆడవాళ్లు, చేతుల్లో తలకిందులుగా కోళ్లతో మగవాళ్లు. మా ఆయన డ్యూటీ ఉందని ముందే తప్పించుకున్నాడు. పుంజును నేనే చంకలో పెట్టుకున్నాను. తలకిందులుగా పడితే దానికి ఊపిరాడదు. ఇంకో గడియలో కోయబోయే కోడికి ఊపిరాడాలని చూస్తున్న నా తెలివికి నాకే నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఏడుపయింది.

కోసే పెద్దాయన నాకు బాగా తెలుసు. నెలనెలా బీపీ మాత్రలకు నా దగ్గరికే వస్తాడు. పద్ధతి ఏమిటంటే, కోడి తల మీద, వీపు మీద పసుపు నీళ్లు పోసి ఆగుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పుడు కోస్తారు. విదిలించకపోతే కోయరు. ఈ తంతు మీద నేను ఎన్ని జోకులు వేశానో లెక్కలేదు. మా ఆయన కూడా తలస్నానం చేసి వచ్చి విదిలిస్తాడు, ఆయన్ని ఎవరూ కోయలేదేం అని అంగన్‌వాడీ టీచరమ్మల్ని ఎన్నోసార్లు నవ్వించాను.

మా వంతు వచ్చింది. పుంజును నేల మీద నిలబెట్టాను. పెద్దాయన చెంబు ఎత్తాడు. నీళ్లు ఇంకా గాలిలోనే ఉన్నాయి, పుంజు తుమ్మింది. తుమ్మి, పుట్టిన రోజు నుంచి విదిలిస్తున్నట్టే తల టపటపా విదిలించింది. తర్వాత నీళ్లు పడ్డాయి. మళ్లీ విదిలించింది.

"నీళ్లు వడకముందే ఇదిలిచ్చింది. అమ్మోరికి ఎంత ఇష్టముందో," అన్నారు వెనక నుంచి. డప్పులు ఊపందుకున్నాయి.

నా నోరు ఆగలేదు. "అది జబ్బు," అన్నాను. "దానికి పుట్టుకతోనే ముక్కు మూసుకుపోయింది. రోజుకు వందసార్లు అట్లనే ఇదిలిస్తది. అమ్మోరికీ దానికీ ఏం సంబంధం లేదు."

పెద్దాయన కత్తి పక్కన పెట్టి నా వైపు చూశాడు. కోపం రాలేదు ఆయనకు.

"చల్లనీళ్లు పోస్తే ఏ కోడైనా ఇదిలిస్తది నర్సమ్మా," అన్నాడు. "గది మాకు తెల్వదనుకున్నవా?"

"తెలిస్తే మరెందుకు పొయ్యడం?"

"ఒక జీవాన్ని తీస్తున్నం. అడగాలె గదా. అడిగినంక జరసేపు ఆగాలె. గా ఆగినప్పుడు కొంతమంది మనసు మార్చుకొని ఎనక్కి తీస్కపోతరు." చెంబులో మిగిలిన నీళ్లు కింద పోశాడు. "నువ్వేమంటవ్? ఇస్తవా, తీస్కపోతవా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా ఎవరిని చూసి నవ్వుతున్నానో ఆ మనిషి, నాకు తెలిసిందంతా తనకు ముందే తెలుసని తాపీగా చెప్పి, నన్నే అడుగుతున్నాడు. తీసుకుపోతానని ఒక్క ముక్క అంటే చాలు. ఎవరూ కాదనరు. ఆ ముక్క నా గొంతులోంచి రాలేదు. ఎందుకో కూడా చెబుతాను. నాకు భయమేసింది. మాట తప్పితే ఏమవుతుందోనని, వాగు దాటి వచ్చే నా మొగుడి బస్సు కళ్ల ముందు మెదిలింది. నమ్మకం లేదని చెప్పుకు తిరిగిన నా వెన్నులో ఆ భయం ఎక్కడ దాక్కుందో నాకే తెలియదు. ఇవ్వనని అనడానికి ధైర్యం లేదు, ఇస్తానని అనడానికి మనసు లేదు. వెనక వరస గొణుగుతోంది. పుంజు తడిసి ముద్దయి, నోరు తెరుచుకుని, ఎగపీలుస్తూ నా మొహంలోకి చూస్తోంది.

"ఇదిలియ్యలే," అంది మా అత్త.

ఆమె నా వెనకే నిలబడి ఉంది, తల మీద బోనంతో. డప్పుల్లో సరిగ్గా వినపడలేదేమోనని మళ్లీ చెప్పింది. "మా కోడి ఇదిలియ్యలే. నేను చూస్తనే ఉన్న."

"అందరం చూసినం గద పెద్దమ్మా, రెండుసార్లు..." అన్నాడు వెనకాయన.

"నువ్వు నీ కోడిని చూస్కో."

పుంజు అప్పుడే మూడోసారి తుమ్మి విదిలించింది. నీళ్ల తుంపర అత్త చీర కుచ్చిళ్ల మీద పడింది. ఆమె కిందికి చూడలేదు. పెద్దాయన ఆమె వైపు ఒకసారి చూసి, "అవ్. ఇదిలియ్యలే. తీస్కపోన్రి," అని, వెనకాయన కోడి కోసం చేయి చాపాడు.

అత్త బోనం దించి అమ్మవారి ముందు పెట్టింది. చాలాసేపు మొక్కింది. పెదవులు కదులుతున్నాయి గానీ ఏమంటోందో వినపడలేదు. తర్వాత, అప్పటికే నేను ఎత్తుకున్న పుంజును నా చేతుల్లోంచి లాక్కుని, కొంగుతో తుడుస్తూ ఇంటి దారి పట్టింది. మా అత్త శుక్రవారం గోళ్లు తీయదు. దీపం పెట్టాక ఊడ్వదు. ముత్యాలమ్మ పేరు వినపడితే కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడుతుంది. ఆ మనిషి, అమ్మవారి గుమ్మంలో, తల మీద బోనంతో అబద్ధం ఆడింది. అబద్ధమాడినా ఏమీ కాదని నమ్మే నేను నోరు కదపలేకపోయాను.

దారిలో రెండుసార్లు "అత్తమ్మా" అన్నాను. రెండుసార్లూ మాట్లాడొద్దంది. వాడ మలుపు తిరిగాక తనే ఆగింది.

"అమ్మోరికి చెప్పిన," అంది. "కోడలుకు తెల్వదు, కోడికి నోరు లేదు. తప్పు ఉంటే నా పేరు మీదనే రాసుకోమని చెప్పిన. రేపు నాకేమన్న అయితే మాత్రం దీన్నేమనకు. మంచిగ చూస్కో."

ఆమె పుంజును చంకలో సర్దుకుని ముందుకు నడిచింది.